రాత్రి 5.8, పొద్దున 6.8: హైడ్రోపోనిక్స్ ట్యాంకులో పీహెచ్ ఎందుకు నిలవడం లేదు?

నీటితోట (ప్రశ్న)

ఇంట్లో హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా ఎరువు నీళ్లలో మొక్కలు పెంచడం) ట్యాంకులు రెండు నడుస్తున్నాయి. పెద్దది 60 లీటర్లు. అందులో లెట్యూస్, బేసిల్. వేర్లు నేరుగా నీళ్లలోనే ఉంటాయి, అడుగున గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్లు రెండు 24 గంటలూ ఆడుతుంటాయి. చిన్నది 20 లీటర్లు, ఒకే ఒక టమాటా మొక్క.

పెద్దదాంట్లో సమస్య ఇది. కుళాయి నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం) 7.8. విడివిడిగా వచ్చే ఎ, బి ఎరువులు కలిపాక ఈసీ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 1.4 వస్తోంది. రాత్రి ఫాస్ఫారిక్ యాసిడ్ వేసి 5.8కి తెస్తే పొద్దునకల్లా 6.8. మళ్లీ దించితే మళ్లీ ఎక్కుతోంది. నిమ్మరసం వేసి చూస్తే ఒక రోజు ఆగి, తర్వాత ఇంకా పైకి పోయింది. లెట్యూస్ కొత్తాకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పసుపు తిరుగుతోంది.

చిన్న ట్యాంకులో దీనికి పూర్తిగా తిరగబడింది. 5.8లో పెడితే 4.9కి పడిపోతోంది. నీళ్లు అవే, యాసిడ్ అదే.

ఇంకోటి, మీటర్ 5.8 అంటుంటే చుక్కల కిట్ రంగు 6.4 దగ్గర కనిపిస్తోంది. దేన్ని నమ్మాలి?

వేరుకుచ్చు

పెద్ద ట్యాంకు సంగతి ముందు చూద్దాం. మీరు కొలుస్తున్నది పీహెచ్, మిమ్మల్ని తిప్పలు పెడుతున్నది ఆల్కలినిటీ. అంటే నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేట్లు. రెండు చోట్ల నీళ్ల పీహెచ్ 7.8 అనే చూపించినా, ఒకదాంట్లో బైకార్బొనేట్ ఇంకోదానికి ఐదింతలు ఉండొచ్చు. ఎంత యాసిడ్ పడుతుందో తేల్చేది ఆ బైకార్బొనేటే, పీహెచ్ అంకె కాదు.

రాత్రి జరిగేది ఇది. యాసిడ్ వేయగానే బైకార్బొనేట్‌లో కొంత కార్బన్ డయాక్సైడ్‌గా మారి నీళ్లలోనే కరిగి ఉంటుంది. అది కరిగి ఉన్నంతసేపు నీళ్లు ఆమ్లంగానే ఉంటాయి కాబట్టి మీటర్ 5.8 చూపిస్తుంది. ఆ తర్వాత ఎయిర్ స్టోన్లు గంటల తరబడి బుడగలు పంపి ఆ వాయువుని బయటికి తోసేస్తాయి. మిగిలిపోయిన బైకార్బొనేట్‌కి ఎదురుండదు, పీహెచ్ పైకి లేస్తుంది. కాబట్టి రాత్రి చూసిన 5.8 తాత్కాలికం, పొద్దున చూసిన 6.8 ఆ నీళ్ల అసలు స్థితి. మీ మొక్కలు చేసింది ఇందులో కొంచెమే.

నిమ్మరసం ఆపేయండి. అందులో ఉండే సిట్రిక్ యాసిడ్ సూక్ష్మజీవులకి తిండి. అవి దాన్ని తినేశాక మళ్లీ బైకార్బొనేటే మిగులుతుంది, అందుకే ఒక రోజు ఆగి పైకి పోయింది. పైగా ట్యాంకు గోడలకీ వేర్లకీ తెల్లటి జిగురు పట్టిస్తుంది. వెనిగర్ కూడా ఇదే బాపతు.

కొత్తాకుల పసుపు ఇనుము అందకపోవడం వల్లే. ఎరువులో ఇనుము ఉండే ఉంటుంది. కానీ చాలా మిశ్రమాల్లో అది ఈడీటీఏ (ఇనుముని కరిగి ఉండేలా పట్టి ఉంచే పదార్థం) రూపంలో ఉంటుంది, పీహెచ్ 6.3, 6.5 దాటితే ఆ పట్టు వదిలి ఇనుము అడుగుకి పేరుకుంటుంది. డీటీపీఏ రూపం సుమారు 7.5 వరకూ తట్టుకుంటుంది. ఈడీడీహెచ్ఏ 9 వరకూ కూడా నిలుస్తుంది, నీళ్లకి ఎర్రటి రంగు తెస్తుంది. ఎరువు డబ్బా మీద ఏది రాసి ఉందో చూడండి. పీహెచ్ సరిచేయకుండా ఇనుము ఇంకా ఇంకా పోయడం దండగ.

ఇప్పుడు చేయాల్సిన పని: అక్వేరియంలకి వాడే కేహెచ్ (ఆల్కలినిటీ కొలిచే) చుక్కల కిట్ తెచ్చి కుళాయి నీళ్లని కొలవండి. ఎరువు కలపని నీళ్లే తీసుకోండి. గొట్టంలో 5 మి.లీ. నీళ్లు పోసి ఒక్కో చుక్క వేస్తూ కలుపుతూ పోవాలి. మొదట నీలం రంగు వస్తుంది, ఏదో ఒక చుక్క దగ్గర ఒక్కసారిగా పసుపుకి మారిపోతుంది. అన్ని చుక్కలూ అన్ని డిగ్రీలు. ఒక డిగ్రీ అంటే లీటరుకి 17.8 మి.గ్రా. ఆల్కలినిటీ, కాల్షియం కార్బొనేట్ లెక్కలో. ఆ అంకె ఇక్కడ పెట్టండి, యాసిడ్ ఎంతో లెక్క చెప్తాను. యాసిడ్ సీసా మీద ఎంత శాతమో కూడా రాయండి.

బఫర్‌ఏడు

మీటర్ సంగతి. ఇది తేలకుండా మిగతా లెక్కలన్నీ గాల్లోనే.

రెండు బఫర్ ద్రావణాలు (పీహెచ్ ఎంతో ముందే తెలిసినవి, మీటర్ సరిచేయడానికి) కావాలి: 7.00 (కొన్ని కిట్లలో 6.86 ఇస్తారు, అదైనా ఫర్వాలేదు), 4.01. మీరు పనిచేసేది 5.5 నుంచి 6.5 మధ్య కాబట్టి ఈ రెండూ చాలు, 10 బఫర్ అక్కర్లేదు. ముందు 7తో, తర్వాత 4తో సరిచేయాలి. మధ్యలో శుభ్రమైన నీళ్లతో కడిగి, టిష్యూతో అద్దాలి. రుద్దితే మీటర్ కొనలో ఉండే ఎలక్ట్రోడ్ గాజు గుండు మీద స్థిర విద్యుత్తు చేరి కాసేపు రీడింగ్ తిక్కగా వస్తుంది. కప్పులోకి వంచుకున్న బఫర్‌ని తిరిగి సీసాలో పోయకండి. అయ్యాక మళ్లీ 7లో ముంచి చూడండి. 0.1 కన్నా ఎక్కువ తేడా వచ్చినా, అంకె నిమిషం దాటినా స్థిరపడకుండా జారుతూనే ఉన్నా, ఎలక్ట్రోడ్‌ని శుభ్రం చేయాలి లేదా మార్చాలి. ఎంత బాగా చూసుకున్నా ఎలక్ట్రోడ్ ఆయుష్షు ఒకటి రెండేళ్లే.

ఎక్కువ మీటర్లు పాడయ్యేది నిల్వలో. మూతలో ఆర్వో నీళ్లో డిస్టిల్డ్ నీళ్లో పోసి పెడతారు. దాంతో ఎలక్ట్రోడ్ లోపలి లవణం బయటికి లాగేసుకుంటుంది. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణమే పోయాలి. అది లేనప్పుడు తాత్కాలికంగా 4.01 బఫర్ పర్లేదు. ఎండిపోతే ఆ ద్రావణంలోనే రాత్రంతా నానబెడితే చాలాసార్లు తేరుకుంటుంది.

ట్యాంకులో నేరుగా ముంచకుండా కప్పులోకి నీళ్లు తీసుకుని కొలవండి. బుడగలు గుండుకి అంటుకున్నా, నీళ్లలోని పంపు నుంచి సన్నటి విద్యుత్తు లీకైనా అంకె ఊగుతుంది.

చుక్కల కిట్ అబద్ధం చెప్పదు, కానీ 0.3, 0.4 తేడాని కంటితో పట్టలేం. ఎరువులో ఈడీడీహెచ్ఏ ఇనుము ఉంటే నీళ్ల ఎరుపు వల్ల రంగు ఇంకా తప్పుగా కనిపిస్తుంది. పగటి వెలుతురులో తెల్ల కాగితం ముందు పెట్టి చూడాలి. ఎల్ఈడీ గ్రో లైట్ల కింద చూసిన రంగుని లెక్కలోకి తీసుకోకండి. మీ విషయంలో 0.6 తేడా ఉంది కాబట్టి నాకు మీటర్ మీదే అనుమానం. 7 బఫర్‌లో ముంచి ఏం చూపిస్తుందో చూడండి.

నీటితోట

బఫర్‌ఏడు గారూ, 7.00 బఫర్‌లో 6.5 చూపించింది. సరిచేశాక నిలబడింది, 4.01 దగ్గర కూడా సరిగానే ఉంది. అంటే ఇన్నాళ్లూ 5.8 అనుకున్నది నిజానికి 6.3 పైన, పొద్దున 6.8 అనుకున్నది 7.3 అన్నమాట. ఆకుల పసుపు ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది.

కేహెచ్ కిట్‌లో 11వ చుక్కకి పసుపు తిరిగింది. యాసిడ్ 85 శాతం ఫాస్ఫారిక్. ఆర్వో నీళ్లు కూడా దొరుకుతాయి.

వేరుకుచ్చు

11 డిగ్రీలు అంటే లీటరుకి సుమారు 196 మి.గ్రా. దాన్ని 50తో భాగిస్తే లీటరుకి 3.9 మిల్లీ ఈక్వివలెంట్లు (ఎంత యాసిడ్‌కి సరితూగుతుందో చెప్పే లెక్క). ఎయిర్ స్టోన్ ఆడే ట్యాంకులో 90 శాతం దాకా తీసేస్తే తప్ప పీహెచ్ 6 చుట్టుపక్కల నిలవదు. కాబట్టి తీయాల్సింది 3.5. 60 లీటర్లకి 210.

85 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ ఒక మి.లీ.లో 14.7 మిల్లీమోల్స్ ఉంటాయి. పీహెచ్ 6 దగ్గర ఒక్కో మోల్ ఇంచుమించు ఒక ఈక్వివలెంట్‌గానే పనిచేస్తుంది. 210ని 14.7తో భాగిస్తే 14 మి.లీ. పైచిలుకు.

ఇక్కడే చిక్కు ఉంది. అంత ఫాస్ఫారిక్ పోస్తే లీటరుకి దాదాపు 110 మి.గ్రా. ఫాస్ఫరస్ అదనంగా చేరుతుంది. ఆకుకూరలకి మొత్తం కలిపి 30 నుంచి 50 చాలు. ఫాస్ఫరస్ మితిమీరితే ఇనుము, జింకు వేర్లకి అందవు, మీరు మళ్లీ అదే పసుపు చూస్తారు. నైట్రిక్ యాసిడ్ వాడితే ఫాస్ఫరస్ బదులు లీటరుకి 49 మి.గ్రా. నత్రజని చేరుతుంది, పెద్ద గ్రీన్‌హౌస్‌ల్లో అందుకే అదే వాడతారు. కానీ దాని పొగ ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. ఇంట్లోకి తేవద్దనే చెప్తాను.

మీకు ఆర్వో నీళ్లు ఉన్నాయి కాబట్టి తేలికైన దారి ఉంది. 45 లీటర్లు ఆర్వో, 15 లీటర్లు కుళాయి. ఆల్కలినిటీ నాలుగో వంతుకి, అంటే 49 మి.గ్రా.కి దిగుతుంది. అప్పుడు కావాల్సిన యాసిడ్ 3.6 మి.లీ., దాంతో చేరే ఫాస్ఫరస్ 27 మి.గ్రా. ఎరువులోని ఫాస్ఫరస్‌తో కలిసినా భరించగలిగిన స్థాయే. పూర్తిగా ఆర్వోతో మాత్రం నింపకండి. నిలబెట్టే బైకార్బొనేట్ బొత్తిగా లేని నీళ్లలో అర మి.లీ. యాసిడ్‌కే పీహెచ్ కిందికి దూకుతుంది. ఆ కాస్త కుళాయి నీళ్లే మీకు ఆసరా.

కుళాయి నీళ్లతో వచ్చే కాల్షియం, మెగ్నీషియం కూడా నాలుగో వంతే ఉంటాయిక. ఎరువు డబ్బా మీద గట్టి నీళ్ల కోసం అని రాసి ఉంటే మెత్తటి నీళ్ల రకానికి మారండి, లేదా కాల్షియం నైట్రేట్, మెగ్నీషియం సల్ఫేట్ విడిగా కలపాల్సి ఉంటుంది.

కలిపే వరస:

85 శాతం యాసిడ్‌ని నేరుగా ట్యాంకులో పోయకండి. చేతికి నైట్రైల్ గ్లవ్స్, కళ్లకి గాగుల్స్ పెట్టుకుని, ప్లాస్టిక్ సీసాలో ముందు 90 మి.లీ. నీళ్లు పోసి అందులో 10 మి.లీ. యాసిడ్ సన్నగా వదలండి. యాసిడ్‌లో నీళ్లు ఎప్పుడూ పోయకూడదు, ఉడికి చిమ్ముతుంది. ఈ పల్చటి ద్రావణం మీద పేరు, తేదీ రాసి పెట్టండి. ట్యాంకు కడిగే బ్లీచ్ దీని దరిదాపుల్లో ఉండకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

3.6 మి.లీ. అంటే ఈ ద్రావణం 36 మి.లీ. ఎరువు ఇంకా కలపని నీళ్లలో ముందు 25 మి.లీ. వేయండి. రాత్రంతా ఎయిర్ స్టోన్ ఆడనివ్వండి. పొద్దున కొలిచి, మిగతాది 3 మి.లీ. చొప్పున, అరగంట ఎడం ఇస్తూ 6.2 వరకూ తెచ్చి ఆపండి. వాయువంతా ముందే పోయింది కాబట్టి ఈసారి వచ్చే అంకె నిలుస్తుంది.

అప్పుడు ఎరువు ఎ పోసి బాగా కలిపి, పది నిమిషాలాగి బి. ఎ, బి చిక్కటి ద్రావణాలు ఒకదాన్నొకటి తాకకూడదు. ఎలోని కాల్షియం, బిలోని సల్ఫేట్, ఫాస్ఫేట్ కలిసి సుద్దలా గడ్డకడతాయి, ఒకసారి గడ్డకట్టాక మళ్లీ కరగవు. పొటాషియం సిలికేట్ వాడే అలవాటుంటే దాన్ని ఎరువులకన్నా, యాసిడ్ కన్నా కూడా ముందే, ఉత్త నీళ్లలో వేయాలి. అది పీహెచ్‌ని బాగా పైకి తీస్తుంది, కాబట్టి యాసిడ్ లెక్క కూడా పెరుగుతుంది.

ఎరువులు కూడా సాధారణంగా పీహెచ్‌ని కాస్త దించుతాయి. అందుకే ముందు 6.2 దగ్గర ఆగమన్నది. చివరగా 5.7, 5.8కి సరిచేసుకోండి.

నిలవనీరు

చిన్న ట్యాంకు గురించి. పీహెచ్ దానంతటదే పడిపోతుంటే రెండు కారణాలు ముందు చూడాలి. ఒకటి ఎరువు, రెండు వేర్లు.

మొక్క నైట్రేట్ తాగినప్పుడు వేర్ల నుంచి క్షారం వదులుతుంది, పీహెచ్ మెల్లగా ఎక్కుతుంది. అమ్మోనియం తాగినప్పుడు ఆమ్లం వదులుతుంది, పీహెచ్ పడుతుంది. టమాటాకి ఏ ఎరువు వాడుతున్నారో రాయలేదు. మట్టిలో వేసే 19-19-19 లాంటిదైతే అందులో నత్రజని చాలావరకు యూరియా, అమ్మోనియం రూపంలోనే ఉంటుంది, కాల్షియం అసలుండదు. పీహెచ్ పడడమే కాదు, కాయ అడుగున నల్లటి కుళ్లు మచ్చ కూడా వస్తుంది. హైడ్రోపోనిక్స్ ఎరువులో మొత్తం నత్రజనిలో అమ్మోనియం 5 నుంచి 10 శాతం ఉంటే చాలు. ఆ కొంచెం ఉండడం మంచిదే, నైట్రేట్ వల్ల పీహెచ్ ఎక్కడాన్ని అది అడ్డుకుంటుంది.

ఎరువు సరైనదే అయితే వేర్లు బయటికి తీసి చూడండి. తెల్లగానో మీగడ రంగులోనో గట్టిగా ఉంటే భయం లేదు. గోధుమ రంగు తిరిగి, వేళ్ల మధ్య పట్టి లాగితే పైపొర తొడుగులా ఊడొచ్చి లోపల దారం లాంటి పోగు మిగిలితే అది పిథియం అనే సూక్ష్మజీవి తెచ్చే వేరుకుళ్లు. వాసన కూడా చెప్తుంది. కుళ్లే వేరు ఆమ్లాలు వదులుతుంది, పీహెచ్‌ని ఎన్నిసార్లు పైకి తెచ్చినా పడుతూనే ఉంటుంది. నీళ్లు 24 డిగ్రీలు దాటకుండా, వెలుతురు చొరకుండా, గాలి బాగా ఆడేలా చూడాలి. కుళ్లిన వేర్లు కత్తిరించి, ట్యాంకు కడిగి, కొత్త నీళ్లతో మొదలుపెట్టాలి.

పైకి తేవడానికి పొటాషియం బైకార్బొనేట్ వాడండి. వంటసోడా వద్దు, దాంతో చేరే సోడియం మొక్క వాడుకోదు, పేరుకుపోతుంది. పొటాషియం హైడ్రాక్సైడ్ పనిచేస్తుంది కానీ చర్మాన్ని కాలుస్తుంది. పైగా ఎరువు కలిసిన నీళ్లలో దాని చుక్క పడ్డచోట తెల్లటి పొగలాంటి తెర లేస్తుంది. అది కాల్షియం, ఫాస్ఫేట్ గడ్డకట్టడమే, అంత పోషకం పోయినట్టే. 10 గ్రాముల బైకార్బొనేట్‌ని నీళ్లలో కరిగించి 100 మి.లీ. చేయండి. 20 లీటర్ల ట్యాంకుకి 1 మి.లీ. వేసి, గంటాగి కొలిచి, కావాలంటే ఇంకో 1 మి.లీ. రెండు మూడు మి.లీ.తో 4.9 నుంచి 5.8కి రావాలి. ఇక్కడ కూడా వాయువు పోయాక అంకె ఇంకొంచెం ఎక్కుతుంది, తొందరపడకండి. అంతకన్నా చాలా ఎక్కువ పడుతోందంటే వేర్లనే అనుమానించండి.

మీ మీటర్ 0.5 తక్కువ చూపించింది అన్నారు కదా. అలాగైతే 4.9 అసలు 5.4 కావచ్చు. ముందు సరిచేసిన మీటర్‌తో మళ్లీ కొలవండి. 5.4 అయితే టమాటాకి అదేమీ ప్రమాదం కాదు, ఏదీ వేయకుండా రోజూ చూస్తూ ఉండండి.

పచ్చతీగ

పైన చెప్పినవన్నీ సరైనవే. ఒక విషయంలో మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. 5.8 అనే అంకెకి కట్టుబడి రోజూ యాసిడ్, రోజూ క్షారం వేయడం పీహెచ్ 6.4లో ఉండడం కన్నా ఎక్కువ చేటు. వేసిన ప్రతిసారీ లవణాలు చేరి ఈసీ పెరుగుతుంది, పోషకాల పాళ్లు చెడతాయి. 5.5లో వదిలేసి 6.3 వరకూ తనంతట తాను ఎక్కనివ్వండి, అక్కడ దాటితే దించండి. మాంగనీస్, ఇనుము కింది కొసలో బాగా అందుతాయి, కాల్షియం, మెగ్నీషియం పై కొసలో. మెల్లగా ఊగడం మొక్కకి మేలే. రోజుకి 0.1 నుంచి 0.3 ఎక్కుతూ ఈసీ కొంచెం కొంచెం తగ్గుతుంటే మొక్క తింటోందని అర్థం. పీహెచ్ పడుతూ ఆకులు వాడుతుంటే మాత్రం నిలవనీరు చెప్పినట్టు వేర్లు చూడాలి.

మీరు రోజూ తగ్గిన నీళ్లని ఏ నీళ్లతో నింపుతున్నారు? కుళాయి నీళ్లే అయితే మళ్లీ మొదటికొస్తారు. రోజుకి 5 లీటర్లు పోస్తే 20 మిల్లీ ఈక్వివలెంట్ల బైకార్బొనేట్ లోపలికి వెళ్తుంది, అంటే రోజుకి మీ పల్చటి యాసిడ్ ద్రావణం 13 మి.లీ. పైన తినేస్తుంది. ముందుగానే ఒక డ్రమ్ములో అదే మూడు వంతులు ఆర్వో పాళ్లతో కలిపి, యాసిడ్ వేసి, గాలి ఆడించి 6 దగ్గర పెట్టుకుని అందులోంచే పోయండి. ట్యాంకు మొత్తం నీళ్లు రెండు వారాలకోసారి మార్చేయండి, అప్పుడు పేరుకున్నవన్నీ పోతాయి.

నీటితోట

ఇప్పటిదాకా కుళాయి నీళ్లే పోస్తున్నాను. డ్రమ్ము ఏర్పాటు చేస్తాను. టమాటాని సరిచేసిన మీటర్‌తో చూస్తే 5.4, వేర్లు తెల్లగానే ఉన్నాయి.

చివరగా ఒకటి. లెట్యూస్ కుండీల్లో కొత్త క్లే బాల్స్ (కాల్చిన మట్టి గుళికలు) పోశాను, నారు రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన పోగులు) ముక్కల్లో పెంచాను. వీటి వల్ల కూడా పీహెచ్ ఎక్కుతుందా?

బఫర్‌ఏడు

రెండూ ఎక్కిస్తాయి. కొత్త రాక్‌వూల్ తనంతట 7 నుంచి 8 వరకూ ఉంటుంది. విత్తనం వేయకముందే 5.5 పీహెచ్ ఉన్న నీళ్లలో కొన్ని గంటలు నానబెట్టాలి. 5 కన్నా దిగువ నీళ్లలో నానబెడితే దాని పోగులే దెబ్బతింటాయి. ఇప్పటికే నారు ఎక్కిన ముక్కలైతే ఏం చేయక్కర్లేదు, ట్యాంకు నీళ్లే వాటిని దారికి తెస్తాయి.

క్లే బాల్స్‌ని ఎర్రటి బురద పోయేదాకా కడిగి, 5.5 నీళ్లలో 24 గంటలు నానబెట్టి, ఆ నీళ్ల పీహెచ్ కొలవండి. 6.5 దాటితే నీళ్లు మార్చి ఇంకో రోజు. రాళ్లో కంకరో వాడే ఆలోచన ఉంటే ఒక రాయి మీద వెనిగర్ వేయండి. బుస్సుమని నురగ వస్తే అందులో సున్నపురాయి ఉంది, దాన్ని ట్యాంకు దగ్గరికి రానివ్వకండి. ఎంత యాసిడ్ పోసినా కరుగుతూ పీహెచ్‌ని పైకి లాగుతూనే ఉంటుంది.

ట్యాంకు మూత సందుల్లోంచి వెలుతురు పడుతోందేమో కూడా చూడండి. గోడలకి ఆకుపచ్చ నాచు పట్టిందంటే అది పగలు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుని పీహెచ్‌ని ఎక్కిస్తుంది, రాత్రి దించుతుంది. అలాంటప్పుడు పొద్దున కొలిచినదీ సాయంత్రం కొలిచినదీ ఎప్పటికీ కలవవు. నల్ల ప్లాస్టిక్ చుట్టి, రోజూ ఒకే వేళకి కొలవండి.